ఎల్ల, రేవు, గడప: నెల్లూరు తీరంలో చిరునామా చరిత్ర – వీలాన్ ఇంటర్‌ఫేస్‌కు ఐపీ చిరునామా కేటాయింపు

వ్యాససంగ్రహం

కంప్యూటర్ నెట్‌వర్క్‌లోని స్విచ్‌పై వీలాన్ ఇంటర్‌ఫేస్‌కు ఐపీ చిరునామా కేటాయించడం నెట్‌వర్క్ నిర్వాహకుల నిత్యకృత్యం. ఒక సమూహానికి ఎల్ల గీసి, దానికి సంఖ్య ఇచ్చి, రాకపోకలకు ఒక ద్వారాన్ని ఏర్పరచడం ఇందులోని సారం. నెల్లూరు తీరంలో దానశాసనాల ఎల్లలు, రేవుల సుంకపు ఏర్పాట్లు, సర్వే నంబర్లు, పిన్‌కోడ్‌లు వేర్వేరు కాలాల్లో ఇటువంటి పనినే చేశాయి. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి, చిరునామా నేల మీది చోటు కంటే ముందుగా ఒక పట్టికలోని సభ్యత్వాన్ని తెలుపుతుందని, అది ఎల్ల దాటే సందర్భంలోనే అవసరమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ భేదాన్ని గుర్తించకపోతే శాసన పరిశోధనలో కలిగే పొరపాటునూ, సొంత చిరునామా లేని తీరపు ఆవాసాల స్థితినీ చర్చిస్తుంది.

కీలకపదాలు: చిరునామా, ఎల్ల, రేవు, గడప, నెల్లూరు జిల్లా శాసనాలు, పిన్‌కోడ్, వీలాన్, ఐపీ చిరునామా.

1. ఉపోద్ఘాతం

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు అమలులోకి వచ్చాయి. అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరాయి. అయితే శ్రీహరికోటకు ఉత్తరం రాసేవారు నేటికీ 524124 అనే పిన్‌కోడ్‌నే రాస్తున్నారు. ఇందులో మొదటి మూడు అంకెలైన 524 నెల్లూరు నగరపు పిన్‌కోడ్‌కు కూడా మొదటి మూడు అంకెలే. పాలనలో ఊరు ఒక జిల్లాకు, తపాలాలో మరొక జిల్లా వరుసకు చెందింది. ఊరు అంగుళం కూడా కదలలేదు. ఉత్తరమూ దారి తప్పలేదు.

ఈ చిన్న ఉదాహరణలో ఒక పెద్ద ప్రశ్న ఉంది. చిరునామా దేనిని తెలుపుతుంది? నేల మీది చోటునా, లేక ఎవరో నిర్వహించే ఒక పట్టికలోని వరుసనా? సాధారణంగా ఈ రెండూ ఒకటే అనుకుంటాం. ఒకదాని మార్పు రెండవదానిని తాకనప్పుడే వాటి మధ్య ఉన్న ఎడం కంటికి కనబడుతుంది.

కంప్యూటర్ నెట్‌వర్క్‌ల రంగంలో ఈ ఎడాన్ని ఉద్దేశపూర్వకంగా సృష్టించి, దానినే ఒక సదుపాయంగా మలచుకున్న ఏర్పాటు వీలాన్. ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరి కంప్యూటర్లు వేర్వేరు సమూహాలకు చెందవచ్చు. వేర్వేరు భవనాల్లోని రెండు కంప్యూటర్లు ఒకే సమూహంలో ఉండవచ్చు. ఆ సమూహానికి బయటి ప్రపంచంతో మాట్లాడే ద్వారంగా వీలాన్ ఇంటర్‌ఫేస్ ఉంటుంది. దానికి ఐపీ చిరునామా ఇవ్వడాన్ని చిరునామాల సుదీర్ఘ చరిత్రలో ఒక ఘట్టంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సాంకేతిక సాధనాలు కూడా భౌతిక సంస్కృతిలో భాగమే కనుక, వాటి వెనుక ఉన్న భావనలను మన భాషలోని మాటలతో పరీక్షించడం తెలుగు పరిశోధనకు బయటి పని కాదు.

2. 'చిరునామా', 'గడప' అనే రెండు మాటలు

'చిరునామా' అనే పదానికి పారసీకంలోని 'సర్‌నామా'ను మూలంగా చూపడం పరిపాటి. 'సర్' అంటే తల, 'నామా' అంటే లేఖ. లేఖ తలభాగాన రాసే మాట అని అర్థం. అంటే ఈ పదం పుట్టుకలో ఇంటికి సంబంధించినది కాదు, కాగితానికి సంబంధించినది. లేఖ ఒకచోటి నుండి మరొక చోటికి కదలాలి కనుక దాని తలపై ఆ మాట అవసరమైంది.

ఇంటర్‌నెట్‌లో సమాచారం ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. ప్రతి ప్యాకెట్‌కూ ఒక శిరోభాగం ఉంటుంది. పంపినవారి ఐపీ చిరునామా, చేరవలసినవారి ఐపీ చిరునామా ఆ శిరోభాగంలోనే ఉంటాయి. 'సర్‌నామా' అనే మాట మొదటి అర్థం ఇక్కడ అక్షరాలా నిలిచి ఉంది.

రెండవ మాట 'గడప'. "ఆ ఊళ్ళో నూరు గడపలున్నాయి" అంటే నూరు ఇళ్ళున్నాయని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఇంటిని గోడలతోనో, కప్పుతోనో కాక, లోపలికీ బయటికీ మధ్యనున్న గడపతో లెక్కించడం మన వాడుక. ఇంట్లోని వారు ఒకరినొకరు పిలుచుకోవడానికి చిరునామా అక్కరలేదు. గడప దాటి వచ్చేవారికీ, పోయేవారికీ అది కావాలి. ముందు చర్చించబోయే వీలాన్ ఇంటర్‌ఫేస్‌ను అర్థం చేసుకోవడానికి ఈ మాట బాగా ఉపకరిస్తుంది.

3. శాసనాల్లో ఎల్లలు, పేర్లు, వరుస సంఖ్యలు

దానశాసనాల్లో దాత ప్రశస్తి, ప్రతిగ్రహీత వివరం, దానం చేసిన భూమి ఎల్లలు ముఖ్య భాగాలు. తూర్పున ఫలానా వాగు, దక్షిణాన ఫలానా చెరువు కట్ట, పడమట ఫలానా ఊరి పొలిమేర అన్నట్లు ఎల్లలు చెప్పడం ఆనవాయితీ. ఇక్కడ భూమికి సంఖ్య లేదు. ఇరుగుపొరుగులే దాని గుర్తు. ఇది చూసినవారికి స్పష్టంగా తెలిసే గుర్తు. కాని వాగు దారి మారినా, చెట్టు కూలినా, పొరుగు ఊరు ఖాళీ అయినా ఆ గుర్తు మసకబారుతుంది.

తీరపు ఊళ్ళ పేర్లలోనూ ఇటువంటి అస్థిరత ఉంది. నెల్లూరుకు విక్రమసింహపురి అనే పేరుంది. కృష్ణపట్నాన్ని మధ్యయుగపు శాసనం కొల్లితురై అనీ, గండగోపాలపట్టణమనీ రెండు పేర్లతో పేర్కొన్నది. దుగరాజపట్నాన్ని 17వ శతాబ్దిలో అక్కడ వర్తకస్థానం ఏర్పరచుకొన్న ఆంగ్లేయులు తమ పత్రాల్లో ఆర్మగాన్ అని రాసుకున్నారు. ఒకే నేలకు పాలకుడి పట్టికలో ఒక పేరు, వర్తకుడి పట్టికలో మరొక పేరు, అక్కడ నివసించేవారి నోట వేరొక పేరు ఉండడం తీరానికి కొత్త కాదు.

ఈ శాసనాలను సేకరించి ఆలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా ప్రకటించారు. నెల్లూరు జిల్లా శాసనాలుగా పరిశోధకులందరికీ పరిచితమైన సంకలనమిది. ఇందులో శాసనాలను తాలూకాల వారీగా అమర్చి, ప్రతి తాలూకాలోనూ వరుస సంఖ్యలు వేశారు. సంకలనం పేరు, తాలూకా పేరు, సంఖ్య చెబితే చాలు, ఏ శాసనమో తెలుస్తుంది. ముందు పెద్ద విభాగం, దానిలో చిన్న విభాగం, చివర ఒక్కొక్క అంశం అనే ఈ అంతస్తుల క్రమమే తరువాతి కాలంలో పిన్‌కోడ్‌లోనూ, ఐపీ చిరునామాలోనూ కనిపిస్తుంది.

పరిశోధకులు జాగ్రత్త పడవలసిన విషయం ఇక్కడే ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు తాలూకాను నెల్లూరు నుండి వేరుచేసి అందులో చేర్చారు. అయినా ఆ మరుసటి ఏడాది వెలువడిన సంపుటాల్లో ఒంగోలు తాలూకా శాసనాలు నెల్లూరు జిల్లా శాసనాలుగానే ఉన్నాయి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. అదే తరువాత ప్రకాశం జిల్లా అయింది. కందుకూరు, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు నుండి అందులోకి వెళ్ళాయి. 2022లో ఎల్లలు మళ్ళీ మారాయి. ఇన్ని మార్పుల తరువాత కూడా శాసనాన్ని ఉదాహరించవలసింది 1905 నాటి సంఖ్యతోనే. లేకపోతే మరొక పరిశోధకుడు దానిని పట్టుకోలేడు. కాని ఆ శీర్షికలోని 'నెల్లూరు' అనే మాటను నేటి నెల్లూరు జిల్లాగా భావించి పటాలు గీస్తే, భాషాభేదాలను విభజిస్తే, ఫలితం తప్పుతుంది. సంకలనంలోని సంఖ్య పట్టికలోని చిరునామా. శాసనం నిలిచిన చోటు వేరొక సమాచారం.

4. రేవు: ఎల్ల దాటే చోటు

ఎల్లలు ఏర్పడిన తరువాత వాటిని దాటే పద్ధతి కావాలి. తీరంలో ఆ పద్ధతికి నెలవు రేవు. నెల్లూరు తీరానికి ఉత్తరాన ఉన్న మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244–45లో వేయించిన అభయశాసనం ఈ విషయంలో విలువైన ఆధారం. అంతకు ముందు పాలకులు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును స్వాధీనం చేసుకునేవారని, తాను నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొని మిగిలినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నానని రాజు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయ్యవ వంతు.

ఈ శాసనం చేసిన పని ఏమిటి? సముద్రం నుండి ఎవరు వచ్చినా ఎదురయ్యే ద్వారాన్ని నిర్దిష్టం చేసింది. ఆ ద్వారం వద్ద వర్తించే నియమాన్ని ముందుగానే తెలియజేసింది. ఊరి లోపల సరుకు చేతులు మారడానికి ఈ నియమంతో పనిలేదు. రేవు దాటే సరుకుకే ఇది వర్తిస్తుంది.

స్విచ్‌పై కేబుల్ గుచ్చే రంధ్రాన్ని 'పోర్ట్' అంటారు. ఓడరేవుకు వాడే ఆంగ్ల పదమూ అదే. ఓడరేవు అర్థంలోని పదానికి మూలం లాటిన్‌లోని 'పోర్టస్'. ద్వారం అనే అర్థంలోని పదానికి మూలం 'పోర్టా'. ఈ రెండూ దగ్గరి చుట్టాలు. తెలుగులో రేవు, ద్వారం అనే మాటలు వేరువేరుగా ఉండడం మనకు మేలే చేసింది. స్విచ్‌లోని పోర్ట్ కేవలం పడవ ఆగే చోటు వంటిది. సుంకం, అనుమతి, తిరస్కారం జరిగే ద్వారం అది కాదు. ఆ పని వీలాన్ ఇంటర్‌ఫేస్‌ది. ఐపీ చిరునామా కూడా సాధారణంగా ఒక్కొక్క పోర్ట్‌కు కాక, పోర్ట్‌ల సమూహం తరఫున ఉండే ఆ ద్వారానికే ఇస్తారు.

5. సర్వే నంబరు, పిన్‌కోడ్

కంపెనీ పాలన తరువాత భూమి గుర్తు ఇరుగుపొరుగుల నుండి సంఖ్యకు మారింది. మద్రాసు ప్రభుత్వం 1858లో చేపట్టిన సర్వే వలన రైత్వారీ గ్రామాల్లో ప్రతి కమతానికీ సర్వే నంబరు వచ్చింది. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ఎల్లరాళ్ళకు చట్టబద్ధమైన రక్షణ కల్పించింది. కమతం విడిపోతే 45/1, 45/2 అంటూ ఉపసంఖ్యలు వచ్చాయి. ఈ సంఖ్య ఆ గ్రామంలోనే అర్థవంతం. పక్క గ్రామంలోనూ 45వ నంబరు ఉంటుంది. గ్రామం పేరు చేర్చితేనే అది పూర్తి చిరునామా అవుతుంది. ఈ లెక్కలను కరణం తన కవిలెల్లో భద్రపరిచేవాడు. ఎవరి చేతిలో పట్టిక ఉందో వారికే అధికారమూ ఉండేదని ఆ వ్యవస్థ ఎరిగినవారు చెప్పనక్కరలేదు.

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. దీనిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణకర్ తపాలా ఉన్నతాధికారి మాత్రమే కాదు, సంస్కృత కవి కూడా. ఒకే పేరున్న ఊళ్ళు అనేకం ఉండడం, ఒకే పేరును వేర్వేరు భాషల్లో, లిపుల్లో రాయడం వలన ఉత్తరాల వడపోతలో కలిగే చిక్కులను తీర్చడం దీని లక్ష్యం. నెల్లూరు తీరంలో 'పాళెం'తో ముగిసే ఊళ్ళు ఎన్ని ఉన్నాయో తలచుకుంటే ఆ చిక్కు తెలుస్తుంది. ఆరంకెల్లో మొదటిది మండలం వంటి పెద్ద విభాగాన్ని, మొదటి మూడూ కలిసి వడపోత జిల్లాను, చివరి మూడూ బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని తెలుపుతాయి. పిన్‌కోడ్ ఇంటిని గుర్తించదు. ఆ ఇంటికి ఉత్తరం తీసుకువచ్చే కార్యాలయాన్ని గుర్తిస్తుంది. అంటే అది కూడా ఒక ద్వారానికి పెట్టిన సంఖ్యే. రెవెన్యూ జిల్లాల ఎల్లలు మారినా శ్రీహరికోట పిన్‌కోడ్ మారకపోవడానికి కారణం ఇదే.

6. ఐపీ చిరునామా, వీలాన్: సంక్షిప్త చరిత్ర

నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న నాలుగవ రూపపు ఐపీ చిరునామాను 1981 సెప్టెంబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 791 నిర్వచించింది. ఇది 32 బిట్ల సంఖ్య. చదువుకోవడానికి వీలుగా చుక్కలతో వేరుచేసిన నాలుగు సంఖ్యలుగా రాస్తారు. ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు ఉండవచ్చు. మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. తొలి దశాబ్దాల్లో ఏ సంస్థకు ఏ సంఖ్యలు ఇచ్చారో తెలిపే పట్టికను నిర్వహించినవారిలో ప్రముఖుడు జాన్ పోస్టెల్. తరువాత ఆ బాధ్యత ప్రాంతీయ సంస్థలకు విస్తరించింది. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఏపీనిక్ 1993లో మొదలైంది. భారతదేశంలో ఈ పని కోసం 2012లో ఇరిన్ ఏర్పడింది.

మన దేశంలో విద్యాసంస్థల మధ్య ఎర్నెట్ 1986లో ప్రారంభమైంది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ఇంటర్‌నెట్ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అంకెల కొరత అప్పటికే ప్రపంచాన్ని వేధిస్తున్నది. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 కొన్ని వరుసలను అంతర్గత వినియోగానికి కేటాయించింది. 10తో మొదలయ్యేవి, 172.16 నుండి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి ఇందులో ఉన్నాయి. ఏ సంస్థ అయినా వీటిని తన ఎల్ల లోపల ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు. సర్వే నంబరు ప్రతి గ్రామంలోనూ 1 నుండి మొదలైనట్లే, 192.168.10.1 ప్రపంచంలో లెక్కలేనన్ని చోట్ల ఉండవచ్చు. అది బయటకు చెల్లదు. 2011 ఫిబ్రవరి 3న కేంద్ర నిల్వలోని చిరునామాలన్నీ ప్రాంతీయ సంస్థలకు పంపిణీ అయిపోయాయి. అంతకు ముందే, 1998లో, 128 బిట్ల ఆరవ రూపం ప్రమాణంగా వెలువడింది.

వీలాన్ కథ మరొకటి. 1973లో జిరాక్స్ పరిశోధనాలయంలో పుట్టిన ఈథర్‌నెట్‌లో తొలుత అందరూ ఒకే తీగను పంచుకునేవారు. ఒక కంప్యూటర్ మరొకదానిని వెదకాలంటే అందరికీ వినబడేలా అడగాలి. దీనిని దండోరాతో పోల్చవచ్చు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ దండోరాల రొద పెరిగింది. స్విచ్ వచ్చాక తీగ పంచుకోవలసిన అవసరం తగ్గింది కాని దండోరా మాత్రం అందరికీ వినబడుతూనే ఉంది. దండోరా వినబడే మేరను ముక్కలు చేయడమే వీలాన్ చేసే పని. 1980లలో బెల్‌కోర్ సంస్థలో డేవిడ్ సిన్‌కాస్కీ ఈ దిశగా కృషి చేశాడు. 1998లో 802.1క్యూ ప్రమాణం దీనికి స్థిరరూపం ఇచ్చింది. దాని ప్రకారం ప్రతి సమాచార ఖండానికి నాలుగు బైట్ల పట్టీ తగిలిస్తారు. అందులో 12 బిట్లు వీలాన్ సంఖ్యకు కేటాయించారు. వాడుకకు వీలైన సంఖ్యలు 1 నుండి 4094 వరకు. ఒకే కేబుల్‌పై అనేక వీలాన్‌ల సమాచారం కలిసి పోతున్నా, పట్టీని బట్టి ఏది ఎవరిదో తెలుస్తుంది.

ఇక్కడ ఒక నామవిశేషం ప్రస్తావించదగినది. 1990లో మొదటి ఈథర్‌నెట్ స్విచ్‌ను మార్కెట్లోకి తెచ్చిన అమెరికా సంస్థ పేరు కల్పన. దాని స్థాపకులలో వినోద్ భరద్వాజ్ ఒకరు. 1994లో సిస్కో ఈ సంస్థను కొన్నది. వీలాన్‌లోని 'వర్చువల్' అనే మాటకు 'కల్పిత' అనే మాటను వాడదలచుకున్న తెలుగు రచయితకు ఆ పరికరపు పుట్టింటి పేరే తోడు వస్తుంది.

7. గడపకు చిరునామా ఇచ్చే విధం

ఒక కళాశాలను ఊహించుకుందాం. కార్యాలయం, గ్రంథాలయం, కంప్యూటర్ ప్రయోగశాల మూడు విభాగాలు. ఒకే స్విచ్‌పై 10, 20, 30 సంఖ్యలతో మూడు వీలాన్‌లు సృష్టిస్తారు. ఏ పోర్ట్ ఏ వీలాన్‌కు చెందుతుందో నిర్ణయిస్తారు. ఇంతవరకు ఐపీ చిరునామా ప్రసక్తి లేదు. ఒక వీలాన్ లోపలి కంప్యూటర్ల మధ్య సమాచారాన్ని స్విచ్ మ్యాక్ చిరునామాల ఆధారంగా చేరవేస్తుంది. మ్యాక్ చిరునామా తయారీలోనే పరికరానికి పడే 48 బిట్ల సంఖ్య. అది పుట్టుమచ్చ వంటిది. ఊరివారు ముఖం చూసి గుర్తుపట్టినట్లు స్విచ్ దానితో గుర్తుపడుతుంది.

గ్రంథాలయపు కంప్యూటర్ కార్యాలయపు కంప్యూటర్‌తో మాట్లాడవలసి వచ్చినప్పుడు ద్వారం కావాలి. అప్పుడు ఒక్కొక్క వీలాన్‌కు ఒక ఇంటర్‌ఫేస్ ఏర్పరచి దానికి ఐపీ చిరునామా ఇస్తారు. 10వ వీలాన్‌కు 192.168.10.1, 20వ దానికి 192.168.20.1, 30వ దానికి 192.168.30.1 ఇవ్వడం అనుకూలమైన అలవాటు. మూడవ స్థానంలోని సంఖ్య వీలాన్ సంఖ్యను గుర్తుచేస్తుంది. ఇది నియమం కాదు, నిర్వాహకుని సౌకర్యం. చిరునామాతో పాటు 255.255.255.0 అనే మాస్క్‌ను కూడా ఇస్తారు. దీనినే /24 అని రాస్తారు. మొదటి 24 బిట్లు సమూహాన్ని, మిగిలిన 8 బిట్లు అందులోని సభ్యుని తెలుపుతాయని దాని భావం. ఈ గీత సర్వే నంబరులోని గీత వంటిది కాదు. సర్వే నంబరులో గీత తరువాతిది ముక్క సంఖ్య. ఇక్కడ అది ఎల్ల ఎక్కడ పడుతుందో చెప్పే కొలత. ఈ కొలతతో 256 చిరునామాలు వస్తాయి. మొదటిది సమూహానికే గుర్తు, చివరిది దండోరాకు. మిగిలిన 254లో ఒకటి గడపకు పోగా 253 సభ్యులకు మిగులుతాయి.

ఆ తరువాత ప్రతి కంప్యూటర్‌కూ తన వీలాన్ ఇంటర్‌ఫేస్ చిరునామాను గేట్‌వేగా తెలియజేయాలి. స్విచ్‌కు ఒక సమూహం నుండి మరొక సమూహానికి దారి చూపే సామర్థ్యం ఉండాలి, ఆ సామర్థ్యాన్ని వాడుకలోకి తేవాలి. అది లేని సాధారణ స్విచ్‌లోనూ వీలాన్ ఇంటర్‌ఫేస్‌కు ఐపీ చిరునామా ఇవ్వవచ్చు. అప్పుడది నిర్వాహకుడు దూరం నుండి స్విచ్‌తో మాట్లాడడానికే పనికివస్తుంది.

ఈ ప్రక్రియలో చరిత్రకారుని ఆకర్షించే అంశాలు మూడు. ఒకటి, రెండు వీలాన్ ఇంటర్‌ఫేస్‌లకు ఒకే వరుసలోని చిరునామాలు ఇస్తే ఎల్లలు ఒకదానిపై ఒకటి పడతాయి. అందుచేత స్విచ్‌లు సాధారణంగా దానిని అంగీకరించవు. పొలిమేర తగాదాను ముందే నివారించే ఏర్పాటు ఇది. రెండు, ఆ వీలాన్‌లో పనిచేస్తున్న పోర్ట్ ఒక్కటైనా లేకపోతే సాధారణంగా ఇంటర్‌ఫేస్ కూడా నిద్రాణంగానే ఉంటుంది. జనం లేని ఊరికి గడప తెరుచుకోదు. మూడు, ఎవరి ప్యాకెట్లను రానివ్వాలో, ఎవరివి నిలిపివేయాలో చెప్పే అనుమతి నియమాలను ఈ ఇంటర్‌ఫేస్ దగ్గరే అమలు చేయవచ్చు. మోటుపల్లి రేవులో రాజు చాటిన నియమం చేసిన పని ఇటువంటిదే.

పోలికకు హద్దు కూడా ఉంది. గణపతిదేవుని మాట రాతిపై నిలిచింది. స్విచ్‌లో చేసిన మార్పును భద్రపరిచే ఆజ్ఞ ఇవ్వకపోతే కరెంటు పోయి వచ్చేసరికి మాయమవుతుంది. శాసనం తన అభయాన్ని వర్తకులందరికీ బహిరంగంగా చెప్పింది. స్విచ్‌లోని నియమం నిర్వాహకునికి తప్ప మరెవరికీ కనబడదు. తన ప్యాకెట్ ఎక్కడ ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో సభ్యునికి తెలియదు. నేటి ఎల్లల గురించి ఆలోచించవలసిన భేదం ఇది.

8. గడప లేని ఊళ్ళు

చిరునామా పట్టికలోని సభ్యత్వమైతే, పట్టికలో చోటు లేనివారి స్థితి ఏమిటి? నెల్లూరు తీరంలోని మత్స్యకార ఆవాసాలు అనేకం రెవెన్యూ గ్రామాలు కావు. పక్కనున్న వ్యవసాయ గ్రామానికి శివారుగానే అవి నమోదయ్యాయి. 'పట్టపుపాళెం' అనే పేరు ఈ తీరంలో ఒకటి కంటే ఎక్కువ చోట్ల వినబడుతుంది. దాని ముందు రెవెన్యూ గ్రామం పేరు చేర్చితే తప్ప ఏ పట్టపుపాళెమో తెలియదు. అక్కడివారి మధ్య ఆ చేర్పు అవసరం లేదు. కార్యాలయం గడప తొక్కినప్పుడే అది కావాలి. ఊరికి ఎల్ల ఉంది, జనం ఉన్నారు, లోపలి వ్యవహారం సాగుతున్నది. బయటికి వెళ్ళాలంటే మాత్రం మరొక ఊరి గడప గుండానే వెళ్ళాలి. వీలాన్ ఉండి, దానికి ఇంటర్‌ఫేస్ లేని స్థితికి ఇది దగ్గరగా ఉంటుంది.

శ్రీహరికోట చరిత్ర దీనికి మరొక పార్శ్వం. 1969లో ఈ ద్వీపాన్ని రాకెట్ ప్రయోగాలకు ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుండి తొలి రోహిణి–125 రాకెట్ ఎగిరింది. ద్వీపానికి ప్రపంచ పటంలో చిరునామా లభించింది. అయితే ఆ అడవినే తమ ఇరుగుపొరుగుగా ఎరిగిన యానాదులకూ, తరలిపోవలసివచ్చిన ఆవాసాలకూ పాత గుర్తులు పనికిరాకుండా పోయాయి. చెట్టూ, మడుగూ, దిబ్బా ఆధారంగా చోటును గుర్తించే జ్ఞానం శాసనాల ఎల్లల సంప్రదాయానికి సన్నిహితమైనది. సంఖ్యల పట్టికలో దానికి గడి లేదు.

పట్టికలో చోటు దొరికితే ఏమి జరుగుతుందో తెలిపే ఉదాహరణ కూడా ఈ తీరంలోనే ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు అందించే సముద్రోపరితల ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ వివరాల ఆధారంగా చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల సూచనలను తీరభాషల్లో వెలువరిస్తుంది. ఆ సూచనల్లో ఒడ్డున పడవలు నిలిపే చోటి పేరు, అక్కడి నుండి దిక్కు, దూరం, లోతు ఉంటాయి. ఇక్కడ లెక్క రెవెన్యూ గ్రామం నుండి మొదలుకాదు, రేవు నుండి మొదలవుతుంది. రెవెన్యూ పట్టికలో శివారుగా ఉన్న చోటు ఈ పట్టికలో కేంద్రం అవుతుంది. ఇటువంటి పరిశీలనలకు ఉపకరించే ఓషన్‌శాట్–2 ఉపగ్రహం 2009 సెప్టెంబరు 23న శ్రీహరికోట నుండే బయలుదేరింది. ఒకే తీరం ఒక పట్టికలో చిరునామా పోగొట్టుకొని, మరొక పట్టికలో పొందడం గమనించదగినది. ఊరు మారలేదు. పట్టికను ఎవరు, దేనికోసం తయారుచేశారన్నదే మారింది.

9. ముగింపు

ఈ పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి.

• చిరునామా నేల మీది చోటుకు సహజంగా ఉండే గుణం కాదు. ఒక పట్టికలో దానికి ఇచ్చిన స్థానం. 524 సంఖ్య, నెల్లూరు జిల్లా శాసనాల సంఖ్య, వీలాన్ సంఖ్య ఈ విషయాన్ని మూడు రకాలుగా నిరూపిస్తున్నాయి.

• ఎల్ల లోపలి వ్యవహారానికి గుర్తింపు చాలు. ఎల్ల దాటే వ్యవహారానికే చిరునామా కావాలి. అందుకే ఐపీ చిరునామా సమూహం తరఫున గడప అయిన వీలాన్ ఇంటర్‌ఫేస్‌కు అవసరమవుతుంది. ఇళ్ళను గడపలతో లెక్కించే తెలుగు వాడుకలో ఈ భావన ముందే ఉంది.

• అంతస్తులుగా అమర్చిన చిరునామా చిక్కు లేకుండా వెదకడానికి ఉపకరిస్తుంది. పై అంతస్తులో చోటు లేనివారిని కనబడకుండా కూడా చేస్తుంది.

• శాసనాలను ఉదాహరించేటప్పుడు సంకలనంలోని సంఖ్యనూ, శాసనం లభించిన ఊరి నేటి మండలం, జిల్లా వివరాలనూ విడివిడిగా ఇవ్వడం అవసరం. మొదటిది లేకపోతే శాసనం దొరకదు, రెండవది లేకపోతే చరిత్ర తప్పుతుంది.

• కళాశాలల్లోనైనా, ప్రభుత్వ కార్యాలయాల్లోనైనా ఏ వీలాన్‌కు ఏ వరుస ఇచ్చారో, ఏ నియమం ఎందుకు పెట్టారో తెలిపే కాగితం ఒకటి ఉండాలి. కరణం పోతే కవిలె చదివేవారు లేని స్థితి ఇంతకు ముందు ఊళ్ళు ఎరిగినదే.

ఎల్లరాయి పాతినవారు, సుంకం నిర్ణయించినవారు, సర్వే గొలుసు లాగినవారు, స్విచ్‌లో సంఖ్య వేసేవారు చేసినది ఒకే కోవకు చెందిన పని. ఆ పనిని పరిశీలించేటప్పుడు ఎవరికి ఏ సంఖ్య ఇచ్చారని అడగడంతో పాటు, ఎవరికి ఏ సంఖ్యా ఇవ్వలేదని కూడా అడగడం చరిత్ర రచన బాధ్యత.